పరిశ్రమకు ముందు ఊరి మాట: పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ తీరుతెన్నులు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: ఒక గ్రామ పొలిమేరలో సిమెంటు కర్మాగారమో, గనియో, విద్యుత్ కేంద్రమో రానున్నదని తెలిసినప్పుడు ఆ ఊరివారి మనసులో మెదిలే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. బావిలో నీరు తగ్గుతుందా? పంట మీద దుమ్ము పడుతుందా? పశువులు మేసే బంజరు మిగులుతుందా? చదువుకున్న పిల్లలకు ఉద్యోగం దొరుకుతుందా? నిర్మాణం మొదలు కాకముందే, జిల్లా యంత్రాంగం సమక్షంలో, అందరూ వినేటట్లు ఈ ప్రశ్నలను అడిగే హక్కును చట్టం సామాన్యునికి కల్పించింది. దీనినే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. ఆ హక్కు కాగితానికే పరిమితం కాకుండా చూడవలసిన బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధికారులపైన, జిల్లా పరిపాలనపైన ఉన్నది.

పర్యావరణ న్యాయం అంటే...

ఒక పరిశ్రమలో తయారైన ఔషధం దేశమంతటికీ చేరుతుంది. దాని తయారీలో వెలువడిన వ్యర్థజలం మాత్రం పక్కనున్న వాగును దాటి దూరం పోదు. అభివృద్ధి ఫలాలు అందరికీ అందుతూ, దాని భారం మాత్రం ఒకే ప్రాంతంలోని పేద కుటుంబాలపై పడకుండా చూడటమే పర్యావరణ న్యాయం. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం వారెన్ కౌంటీలో, నల్లజాతీయులు అధికంగా నివసించే చోట విషవ్యర్థాలను పూడ్చిపెట్టడానికి వ్యతిరేకంగా 1982లో సాగిన ఆందోళనతో ఈ భావన విస్తృత ప్రచారంలోకి వచ్చింది. ఆ దేశంలోని కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు పర్యావరణ న్యాయ ప్రణాళికాధికారులను నియమించుకున్నాయి. ఏ ప్రాంతంపై ఎంత కాలుష్య భారం ఉన్నదో గుర్తించడం, నిర్ణయానికి ముందే అక్కడి ప్రజల మాట వినడం వారి ప్రధాన విధులు.

మన జిల్లాలలో ఆ పేరుతో పదవి లేకపోయినా ఆ పని ఉన్నది. ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు జారీ చేసే పర్యావరణ ఇంజనీరు, సభకు అధ్యక్షత వహించే కలెక్టర్ లేదా అదనపు కలెక్టర్, ఊరికి సమాచారం అందించే పంచాయతీ కార్యదర్శి కలిసి ఆ బాధ్యతను నిర్వహిస్తున్నారు.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

ముందుగా అడగకపోతే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి పటాన్‌చెరు ఒక ఉదాహరణ. నాటి మెదక్ జిల్లాలోని, ప్రస్తుత సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో 1970వ దశకం నుండి పరిశ్రమలు పెద్ద సంఖ్యలో వెలిశాయి. రసాయన, ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులోకి చేరాయి. బావులు చెడిపోయాయి, సాగు దెబ్బతిన్నది. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. రైతులకు నష్టపరిహారం, బాధిత గ్రామాలకు రక్షిత మంచినీరు అందించే చర్యలు న్యాయస్థానం జోక్యంతో జరిగాయి. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ఏర్పడింది. అయితే పరిహారం ఎంత ఇచ్చినా చెడిన భూగర్భజలం వెంటనే బాగుపడదు.

ఆ పరిశ్రమలు వెలసిన రోజులలో వాగు ఒడ్డున ఉన్న రైతును ముందుగా అడగవలసిన నిబంధన ఏదీ చట్టంలో లేదు. ఆ వాగు నీటితో ఏ పంట పండుతున్నదో, వేసవిలో ఏ బావి ఊరికి ఆధారమో తెలిసినవాడు ఆ రైతే. అయినా నిర్ణయం జరిగిన చోట అతని మాటకు స్థానం లేకపోయింది. ఈ లోపాన్ని సరిదిద్దడమే ప్రజాభిప్రాయ సేకరణ ఉద్దేశం.

చట్టం ఏమి చెబుతున్నది?

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. ఆ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 1994లో పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జారీ చేసింది. 1997 ఏప్రిల్‌లో చేసిన సవరణతో ప్రజా విచారణ తప్పనిసరి అయింది. 2006 సెప్టెంబర్ 14న వెలువడిన నోటిఫికేషన్ పాత దాని స్థానంలో అమలులోకి వచ్చింది. 2009లోను, ఆ తరువాతను అనేక సవరణలు జరిగినా నేటికీ అదే ఆధారం.

దీని ప్రకారం ప్రాజెక్టు యాజమాన్యం ముందుగా ముసాయిదా ప్రభావ మదింపు నివేదికను తయారు చేయించి, ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసిందిగా కాలుష్య నియంత్రణ మండలిని కోరాలి. కోరిన నాటి నుండి 45 రోజులలో మండలి ఈ ప్రక్రియను పూర్తి చేయాలి. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక ప్రధాన జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటన ఇవ్వాలి. పత్రికలు చేరని చోట దండోరా వంటి ఇతర మార్గాల ద్వారా తెలియజేయాలి. నివేదిక సారాంశం ఆంగ్లంలోను, స్థానిక భాషలోను సిద్ధంగా ఉండాలి. ముసాయిదా నివేదికను, సారాంశాన్ని కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత స్థానిక సంస్థల వంటి నిర్దేశిత చోట్ల ప్రజలు చూసుకొనేందుకు ఉంచాలి.

సభ ప్రాజెక్టు స్థలంలో గాని, దానికి అతి సమీపంలో గాని జరగాలి. దూరాన ఉన్న పట్టణంలో జరపడానికి వీలు లేదు. ప్రాజెక్టు రెండు జిల్లాలలో విస్తరించి ఉంటే రెండు జిల్లాలలోను సభ జరపాలి. అనుకోని అత్యవసర పరిస్థితి ఏర్పడి, కలెక్టర్ సిఫారసు చేస్తే తప్ప తేదీ, సమయం, స్థలం మార్చరాదు. సభకు ఇంతమంది రావాలన్న కోరం నియమం లేదు. వచ్చినవారు పదిమందే అయినా వారి మాట నమోదు కావలసిందే. ప్రక్రియ మొత్తాన్ని వీడియోలో చిత్రీకరించాలి.

పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామిక వాడలలో స్థాపించే ప్రాజెక్టులకు, మరికొన్ని తరగతులకు ఈ ప్రక్రియ నుండి మినహాయింపు ఉన్నది. తమ ఊరికి వచ్చే పరిశ్రమ ఏ తరగతికి చెందినదో మండలి ప్రాంతీయ కార్యాలయంలో తెలుసుకోవచ్చు.

ఓటింగు కాదు, నమోదు

ఈ సభ గురించి రెండు అపోహలు ప్రచారంలో ఉన్నాయి. ఇక్కడ ఎక్కువమంది కాదంటే పరిశ్రమ ఆగిపోతుందని కొందరు భావిస్తారు. నిర్ణయం ముందే జరిగిపోయింది, ఎవరు ఏమి చెప్పినా ప్రయోజనం లేదని మరికొందరు నిరాశ చెందుతారు. రెండూ సరికావు. సభ ఓటింగు కాదు. అక్కడ అనుమతి ఇవ్వడం గాని, నిరాకరించడం గాని జరగదు. సభలో వ్యక్తమైన ప్రతి అభిప్రాయాన్ని, ప్రతి ఆందోళనను నమోదు చేసి, అనుమతిని పరిశీలించే నిపుణుల సంఘానికి చేర్చడమే దాని పని. యాజమాన్యం ఆ అంశాలకు సమాధానం చెప్పి, తుది నివేదికలో తగిన మార్పులు చేయాలి. ప్రజల అభ్యంతరాలను ఏ విధంగా పరిగణించారో నిపుణుల సంఘం కారణాలతో సహా తెలియజేయాలని 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది.

అంటే నమోదైన మాటకు జవాబు రావాలి. నమోదు కాని మాటకు ఎవరూ జవాబుదారీ కారు. అందువల్లనే ఈ ప్రక్రియలో సభా వివరాలను రాసే అధికారి కలానికి ఎంతో ప్రాధాన్యం ఉన్నది. "గ్రామస్తులు నీటి సమస్యను ప్రస్తావించారు" అని ఒక్క వాక్యంలో ముగిస్తే యాజమాన్యం కూడా "తగు చర్యలు తీసుకొంటాము" అని ఒక్క వాక్యంలో ముగిస్తుంది. "చెరువు కింద ఉన్న బావులు ఏప్రిల్ నాటికే అడుగంటుతాయి, పరిశ్రమ ఎక్కడి నుండి ఎంత నీరు తోడుకొంటుంది?" అని అడిగినది అడిగినట్లు రాస్తే, దానికి లెక్కతో కూడిన సమాధానం ఇవ్వక తప్పదు.

సభ చివర సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించి, వివరించాలి. సభ అంగీకరించిన ఆ వివరాలపై అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలి. సభ పూర్తయిన 8 రోజులలో మండలి వాటిని అనుమతి ఇచ్చే అధికార సంస్థకు పంపాలి. పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టర్, మండలి కార్యాలయాలలో ప్రదర్శించాలి.

నిబంధనకు మించిన బాధ్యత

నిబంధనలన్నీ అక్షరాలా పాటించినా న్యాయం జరగని సందర్భాలు ఉండవచ్చు. సభకు రావడమంటే కూలికి వెళ్లే మహిళకు ఒక రోజు వేతనం పోగొట్టుకోవడమే. వరి కోతల సమయంలో తేదీ నిర్ణయిస్తే ఆమె రాలేదు. వందల పుటల ఆంగ్ల నివేదిక పంచాయతీ బీరువాలో ఉన్నంత మాత్రాన ఆమెకు సమాచారం అందినట్లు కాదు. వేదిక ముందు వరుసలలో పలుకుబడి గలవారు కూర్చుంటే వెనుక నిలబడినవారి చేతికి మైకు చేరదు. బందోబస్తు అవసరమే అయినా, అది ప్రజలు మాట్లాడటానికి జంకేటంతగా ఉండరాదు.

అనుభవం గల అధికారి ఇవన్నీ ముందే ఆలోచిస్తాడు. వ్యవసాయ పనుల కాలాన్ని గమనించి తేదీ నిర్ణయిస్తాడు. తెలుగు సారాంశం ఊరిలో చదివి వినిపించే ఏర్పాటు చేస్తాడు. లంబాడీ, కోయ, గోండి భాషలు మాట్లాడే చోట ఆ భాష తెలిసినవారిని పక్కన ఉంచుకొంటాడు. మహిళలకు, భూమిలేని కూలీలకు మాట్లాడే అవకాశం ముందుగా ఇస్తాడు. పరిశ్రమను కోరుకొనేవారి మాటను కూడా అంతే శ్రద్ధగా రాస్తాడు. ఉపాధి కోసం ఎదురుచూసే యువకుని ఆకాంక్ష, నీటి కోసం ఆందోళన చెందే రైతు ప్రశ్న రెండూ ఆ ఊరివే.

సోంపేట హెచ్చరిక

అడిగినంత మాత్రాన సరిపోదు, విన్నది తూచి చూడాలి అనడానికి నాటి ఉమ్మడి రాష్ట్రంలోని శ్రీకాకుళం జిల్లా సోంపేట నిదర్శనం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి తలపెట్టిన బీల భూములు ఏడాదిలో అధిక కాలం నీటితో నిండి ఉండే చిత్తడి నేలలని, వాటిపై ఆధారపడి సాగు, చేపల వేట సాగుతున్నాయని స్థానికులు మొదటినుండి చెబుతూ వచ్చారు. అయినా పర్యావరణ అనుమతి లభించింది. 2010 జూలై 14న ఆందోళన సందర్భంగా జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణనష్టం సంభవించింది. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల చిత్తడి నేల అని బెస్తవారికి, రైతులకు తెలిసిన సంగతిని నివేదిక దశలోనే గుర్తించి ఉంటే ఇంతటి విషాదానికి దారితీసేది కాదు.

పటాన్‌చెరులో ఊరిని అడగలేదు. సోంపేటలో ఊరి మాటకు తగిన విలువ దక్కలేదు. ఈ రెండు అనుభవాలను దృష్టిలో ఉంచుకొన్న అధికారికి సభా నమోదు ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

షెడ్యూల్డ్ ప్రాంతాలలో గిరిజనులకు ఇంతకు మించిన రక్షణలు ఉన్నాయి. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ప్రత్యేక స్థానం కల్పించాయి. విశాఖ మన్యంలోని గనుల లీజులకు సంబంధించి 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గిరిజన భూమి గిరిజనేతరులకు పోకుండా బలమైన అండగా నిలిచింది. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఆ గ్రామసభకు ప్రత్యామ్నాయం కాదు.

ప్రజలు చేయవలసినది

ప్రకటన వెలువడిన వెంటనే తెలుగు సారాంశాన్ని చదివి, తమ ఊరి చెరువులు, వాగులు, బావులు, మేత భూములు అందులో సరిగా నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. లేనివాటిని రాతపూర్వకంగా మండలికి తెలియజేయవచ్చు. సభకు రాలేనివారు కూడా లిఖితపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. సభలో మాట్లాడేటప్పుడు సర్వే నంబరు, బావి ఉన్న చోటు, ఊరికి ఎంత దూరం వంటి వివరాలతో చెప్పడం మేలు. చివర సారాంశం చదివి వినిపించే వరకు ఉండి, తాము చెప్పినది అందులో లేకపోతే అక్కడికక్కడే చేర్చమని కోరాలి.

అనుమతి మంజూరైన తరువాత దాని ప్రతిని యాజమాన్యం స్థానిక సంస్థలకు అందజేయాలి. వారు దానిని 30 రోజులపాటు ప్రదర్శించాలి. షరతుల అమలుపై ఆరు నెలలకొకసారి యాజమాన్యం సమర్పించే నివేదికలు ప్రజా పత్రాలే. అనుమతిపై అభ్యంతరం ఉన్నవారు 2010 చట్టం కింద ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను 30 రోజులలోగా ఆశ్రయించవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు లభిస్తుంది.

పరిశ్రమలు రావాలి, ఉపాధి పెరగాలి. అదే సమయంలో ఊరి నీరు, గాలి, నేల తరువాతి తరానికి దక్కాలి. ఈ రెండింటినీ ఒకే వేదికపై చర్చించే అవకాశం ఒక ఊరికి తరచుగా రాదు. టెంటు కింద గడిచే ఆ కొద్ది గంటలలో రాసిన వాక్యాలే ఏళ్ల తరబడి ఆ ఊరి తరఫున మాట్లాడతాయి. కావున ప్రజలు నిర్భయంగా మాట్లాడాలి, అధికారులు విన్నది విన్నట్లు నమోదు చేయాలి. అప్పుడే ప్రజాభిప్రాయ సేకరణ చట్టం ఆశించిన ఫలితాన్ని ఇవ్వగలదు.