కూసున్నకాడ కరిగే కండ

"బతుకంత చేసిందే కసరత్తు, ఇంకేం కసరత్తురా కొడుకా" అన్నది మా అవ్వ. నా దగ్గర జవాబు లేకుండె. నలభై ఏండ్లు నాట్లేసిన నడుము ఆమెది. పోయిన వానకాలం జ్వరమొచ్చి పది రోజులు మంచాన పడ్డది. జ్వరమైతే పోయింది గానీ, పీట మీదికెళ్లి లేవాలంటే గోడ పట్టుకునుడు మొదలైంది. "ముసలితనం గదా" అన్నరు అందరు. నేను గూడ అన్న.

అది సగమే నిజం. నేను డాక్టర్‌ను గాను, దొరికిందల్లా చదివి తెలుసుకున్నోణ్ణి. వయసుతోని కండ, బలం తగ్గుడును సార్కోపీనియా అంటరు. 2007ల అమెరికాల అచ్చయిన ఒక పరిశోధన ఉంది. సగటున 67 ఏండ్లున్న, ఏ రోగం లేని మనుషులను పది రోజులు మంచం మీదనే ఉంచిన్రు. ఒక్కొక్కల కాళ్లల్లకెళ్లే దగ్గర దగ్గర కిలో కండ పోయింది. రోగం లేకుంటెనే గంత! మనమేమో జ్వరం తగ్గినంక గూడ "కదలకు" అని దుప్పటి కప్పుతం.

కండల రెండు తీర్ల పోగులుంటయి. కొన్ని మెల్లగ, చానాసేపు పనిచేస్తయి. కొన్ని ఒక్కసారే బలం చూపిస్తయి. వయసు మీదపడితే ఎక్కువ సన్నబడేవి ఈ రెండో రకమే. పీట మీదికెళ్లి లేసేటప్పుడు, కాలు జారితే ఆపుకునేటప్పుడు కావాల్సినవి గవే. "రోజు గుడిదాంక నడుస్తున్న" అంటే గుండెకు మంచిదే, కానీ కండకు బరువు పడాలె.

ఈ వయసుల కండ మళ్ల వస్తదా? 1990ల మరియా ఫియటరోన్ అనే డాక్టర్, బోస్టన్‌ల ఒక వృద్ధాశ్రమంల తొంభై ఏండ్ల అటూఇటూ ఉన్నోళ్లతోని 8 వారాలు కాళ్లతో బరువులెత్తించింది. పది మంది మొదలుపెడితే తొమ్మిది మంది ఆఖరుదాంక చేసిన్రు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏండ్లల్ల!

65 దాటినోళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండకు పని చెప్పాలె, మూడు రోజులు తూలకుండ నిలబడే కసరత్తు చెయ్యాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ల చెప్పింది. దానికి జిమ్ అక్కర లేదు. కుర్చీల కూసొని లేసుడు, గోడ పట్టుకొని మడిమెలు ఎత్తుడు, నీళ్ల సీసాలు లేపుడు, అంతే. గుండె జబ్బు, బీపీ ఉన్నోళ్లు ముందుగాల డాక్టర్‌ను అడగాలె.

కసరత్తు ఒక్కటే చాలదు, తిండి గూడ ఉండాలె. పప్పు, గుడ్డు, పాలు లేకుండ కండ యాడికెళ్లి వస్తది? బడిపిల్లల పళ్లెంల గుడ్డు పెట్టాలని కొట్లాడినం, మంచిదే. మరి గోలీలకే పింఛన్ అయిపోయే ముసలోళ్ల పళ్లెం సంగతేంది? పట్నం పార్కులల్ల ఇనుప మిషన్లు పెట్టిన్రు. మా ఊళ్లె కూసొని లేసెటందుకు ఒక గట్టి బెంచి లేదు. పంచాయతీల ఇది అడిగితే నవ్విన్రు. మళ్ల అడుగుత.

అవ్వ మొదటి రోజు కుర్చీల నుంచి నాలుగుసార్లు లేసి "సాలుపో" అన్నది. ఇప్పుడు చెయ్యి ఆనకుండ తొమ్మిదిసార్లు లేస్తున్నది. పీట మీదికెళ్లి మాత్రం ఇంకా గోడ పట్టుకుంటది.