చేపలతొట్టిలో వెదురు కాని వెదురు

వరంగల్లు, హనుమకొండ అంగళ్ళలో గాజుపాత్రలందు నిలిపి, ఎఱ్ఱ దారము చుట్టి అమ్ము పచ్చని కాడలను జనులు 'లక్కీ బాంబూ' అని పిలుచుచున్నారు. కొందఱు వానిని ఇంటిలోని చేపలతొట్టిలో పెంచుచున్నారు. ఈ రెండవ పద్ధతియే మేలైనది. అయితే ముందుగా పేరు సంగతి తేల్చుకొనవలెను.

అది వెదురు కాదు. ఏటూరునాగారము అడవులలో పెరుగు వెదురు గడ్డి కుటుంబమునకు చెందినది. ఈ కాడ డ్రసీనా జాతిది. శతావరికి దూరపు చుట్టము. పుట్టినిల్లు మధ్య ఆఫ్రికా. ఇంగ్లండులో ఆర్కిడ్ పూలమొక్కల వర్తకము చేసిన సాండర్ పేరున దీనికి 'డ్రసీనా సాండెరియానా' అను శాస్త్రనామము ఏర్పడినది.

ఈ భేదమును బడిపిల్లలకు చూపుట కష్టము కాదు. కాడను అడ్డముగా కోసి, లోపల బోలు లేదు గనుక వెదురు కాదని చెప్పువారు కలరు. ఆ పరీక్ష చాలదు. మన అడవులలోని సాధనపు వెదురు కూడ తఱచు లోపల గట్టిగానే యుండును. మేదరి పరీక్షయే నమ్మదగినది. వెదురు నిలువునా చీలి బద్దలగును. ఆ బద్దలతో తట్టలు, చేటలు అల్లుదురు. డ్రసీనా కాడను చీల్చినచో మెత్తని కండయే తప్ప అల్లికకు పనికివచ్చు పేడు ఒక్కటియు రాదు. కణుపులవలె కనిపించునవి రాలిన ఆకుల గుర్తులు.

నిజమైన వెదురును తొట్టిలో నాటినచో దాని దుంపవేరు ఊపిరాడక కుళ్ళును. డ్రసీనా నీటిలోనే వేళ్ళు పాఱించి ఏండ్లతరబడి బ్రతుకును. కాని వేళ్ళు నీటిలోను, ఆకులు గాలిలోను ఉండవలెను. మొక్కను పూర్తిగా ముంచినచో అది మెల్లగా కుళ్ళి చేపలకు ముప్పు తెచ్చును.

చేపల మలినములనుండి అమ్మోనియా పుట్టును. అది వానికి విషము. తొట్టిలోని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చును. ఈ నైట్రేటే మొక్కకు ఎరువు. అట్లని నీరు మార్చుట మానరాదు. నాలుగు కాడలు పీల్చుకొనునది స్వల్పము. నల్లానీటిలోని క్లోరిన్ చేపల మొప్పలకు హాని చేయును గనుక, ఆ నీటిని బకెట్టులో ఒక దినము నిలిపి పోయవలెను. ఓరుగల్లు ఎండ సూటిగా తగులు కిటికీ పనికిరాదు. ఆకులు మాడును, తొట్టి నిండ నాచు పట్టును.

ఇక గాజుపాత్రకన్న చేపలతొట్టి ఎందుకు మేలు? దోమవలన. 2001లో చైనానుండి అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌కు, నీటిలో నిలిపి ఓడలమీద పంపిన ఈ మొక్కలతోపాటు ఆసియా పులిదోమలు దిగినవి. డెంగీని వ్యాపింపజేయగల దోమ అది. అదృష్టము కొఱకు కొన్న కాడతో వచ్చిన అతిథి! వానకాలపు డెంగీ భయము వరంగల్లుకు క్రొత్త కాదు. బల్లమీద మఱచిన పాత్రలో దోమ గ్రుడ్లు పెట్టినచో, వారము పది దినములలో పిల్లలు రెక్కలతో ఎగిరిపోవును. అదే కాడ చేపల నడుమ నున్నచో, గప్పీ వంటి చిన్న చేపయే ఆ పురుగులను మ్రింగివేయును. చేపలు లేని పాత్రలో నీటిని వారమునకొకసారి పారబోసి, లోపలి గోడలను గట్టిగా రుద్ది కడుగవలెను. గోడకు అంటిన గ్రుడ్లు నెలలతరబడి ఎండియున్నను, మరల నీరు తగిలినంతనే పొదుగును.