చక్కెర యుంగరములు – మట్టిలో కలియు పొరలు



కలుపు నణచుటకును, నేల తేమను నిలుపుటకును చాళ్లపై ప్లాస్టిక్ పొరలు పరచుట నేడు వాడుకలోనికి వచ్చినది. పంట ముగిసిన పిమ్మట నవి చినిగి ముక్కలై నాగలికి తగులుచుండును. కాల్చిన విషపు పొగ. పూడ్చిన నేలకు చేటు. కావున "మట్టిలో కలిసిపోవు పొర" యను మాట మనకు తీయగా వినబడును. ఆ మాట వెనుక నున్న శాస్త్రమును కొంత తెలిసికొనక సొమ్ము చెల్లింపరాదు.

మన మెరిగిన గంజితోనే మొదలిడుదము. చల్లారిన గంజిలో నొక బొట్టు అయోడిన్ మందు వేసిన నీలిరంగు వచ్చును. గంజిలోని పిండి యనగా గ్లూకోజు చక్కెర కణముల గొలుసు. అది మరచుట్టువలె తిరిగి, తన నడిమి బోలులో అయోడిన్‌ను ఇముడ్చుకొనుటయే యా రంగునకు కారణము.

ఒకజాతి సూక్ష్మజీవుల ఎంజైము ఈ పిండి గొలుసును త్రెంచి, కొనలను కలిపి యుంగరములుగా చేయును. వీనిని 1891లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు విలియర్సు కనుగొనెను. పిదప షార్డింగరు విపులముగా పరిశోధించెను. సైక్లోడెక్స్ట్రిన్లని వీని పేరు. ఆరు గ్లూకోజులున్నది ఆల్ఫా, ఏడున్నది బీటా, ఎనిమిదున్నది గామా. ఉంగరపు వెలుపలి భాగము నీటితో పొత్తు కలుపును. లోపలి భాగము నూనెవంటి పదార్థములను చేర్చుకొనును. మన నకిరేకల్ నిమ్మతొక్కల పరిమళమునకు ముఖ్యాధారమైన లిమొనీన్ తైలము బీటా యుంగరములో నిమిడి పొడియై నిలువగలదు.

1990లో జపాను శాస్త్రజ్ఞులు హరాదా, కమాచి యను వారు పాలీఇథిలిన్ గ్లైకాల్ అను పొడవైన గొలుసుపై ఆల్ఫా యుంగరములు దారముపై పూసలవలె వరుసగా చేరుట చూపిరి. గొలుసు లావునుబట్టి యుంగరము కుదురవలెను: పాలీప్రొపిలిన్ గ్లైకాల్ ఆల్ఫాలో దూరదు, బీటాలో దూరును. పిమ్మట పాలీకాప్రోలాక్టోను, పాలీలాక్టిక్ ఆమ్లము అను క్రుళ్లిపోగల ప్లాస్టిక్కులను గూడ నిట్లే యుంగరములలో నిమిడ్చిరి. ఉంగరములను తొలగించిన పిదప, గొలుసులు మునుపటికన్న చక్కగా వరుసదీరి యుండును. దానివలన ఆ పదార్థపు గట్టిదనమును, క్రుళ్లు వేగమును మారును. ఈ పని నేటికిని ముఖ్యముగా ప్రయోగశాలలలోను, ఔషధ పరిశోధనలోను సాగుచున్నది.

ఇందు మనకొక హెచ్చరిక గలదు. పాలీలాక్టిక్ ఆమ్లము మొక్కజొన్న పిండినుండియు పుట్టును. అయినను అది త్వరగా క్రుళ్లుటకు తేమయు, దాదాపు 60 డిగ్రీల వేడియు గల కంపోస్టు కుప్ప కావలెను. చేనిమట్టిలో నది మిక్కిలి నెమ్మదిగా మారును. పాలీకాప్రోలాక్టోనును మాత్రము నేలలోని సూక్ష్మజీవులు తినగలవు. పుట్టుక పంటనుండి యైనంత మాత్రమున చావు మట్టిలో నగునని తలపరాదు.

కావున అట్టి పొరను కొనునపుడు అది యే పదార్థమో, కంపోస్టులో క్రుళ్లునో, చేనిమట్టిలో క్రుళ్లునో వ్రాతమూలముగా అడుగవలెను. ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణము కంపోస్టునకు సంబంధించినదే గాని చేనికి హామీ గాదు. ఒక మూర పొరను తోటలో పాతి, గుర్తు పెట్టి, పంటకాలము గడచిన పిదప త్రవ్వి చూడుడు. పదిమంది సభ్యులు తమతమ నేలలలో చూచి సంఘమున చెప్పినచో, ఒక్కొక్కరు మోసపోవుట తప్పును.