పిండిని పొంగించేది ఎవరు?

రాత్రి ఇడ్లీపిండి రుబ్బి, గిన్నెలో సగం వరకు పోస్తాం. తెల్లారి మూత తీస్తే గిన్నె నిండా పొంగి ఉంటుంది. కమ్మటి పులుపు వాసన వస్తుంది. ఉప్పు తప్ప అందులో ఏమీ కలపలేదు. మరి రాత్రికి రాత్రే ఈ పని చేసింది ఎవరు?

సూక్ష్మజీవులు. ఇవి కంటికి కనపడవు. మినప్పప్పు మీదే ఉంటాయి. పప్పు నానేటప్పుడు పెరగడం మొదలుపెడతాయి. రుబ్బిన పిండిలో వాటికి తిండి, తడి, వెచ్చదనం మూడూ దొరుకుతాయి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. తెల్లారేసరికి కోట్లకు చేరుతాయి.

ఇవన్నీ ఒకే రకం కావు. వంతుల వారీగా పని చేస్తాయి.

ముందు జోరుగా పెరిగే రకం పేరు ల్యూకోనోస్టాక్. ఇది పిండిలోని చక్కెరను తింటుంది. గాలిని, పులుపును వదులుతుంది. మినప్పిండిలోని జిగురు ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది. అందుకే పిండి పొంగుతుంది. ఒట్టి బియ్యప్పిండికి ఆ జిగురు లేదు. అందుకని అది అంతగా పొంగదు.

పులుపు పెరిగేకొద్దీ ల్యూకోనోస్టాక్ జోరు తగ్గుతుంది. అది చేసిన పులుపే దానికి ఎక్కువైపోతుంది! అప్పుడు పులుపును బాగా తట్టుకునే రకాలు పైకొస్తాయి. పిండిని ఇంకా పులియబెడతాయి.

ఈ పులుపే పిండికి కాపలా. కుళ్లబెట్టే క్రిములు చాలావరకు పులుపులో పెరగలేవు. అంటే మంచి సూక్ష్మజీవులు ముందే చోటు ఆక్రమించి, చెడ్డవాటిని రానివ్వవన్నమాట.

చలికాలంలో ఇవి మందగిస్తాయి. పిండి ఆలస్యంగా పొంగుతుంది. గిన్నెను వెచ్చటి చోట పెట్టాలి. పాలకు తోడు వేసినట్టు, నిన్నటి మంచి పిండి ఒక గరిటెడు కలిపినా త్వరగా పులుస్తుంది. ఎండాకాలంలో తొందరగా పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే పులియడం నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు.

కాపలా ఉంది కదా అని అశ్రద్ధ పనికిరాదు. మురికి నీళ్లు, మురికి చేతులు తగిలితే చెడ్డ క్రిములు ఎక్కువగా చేరతాయి. అప్పుడు పులుపు ఒక్కటే కాపాడలేదు. కాబట్టి చేతులు, గిన్నెలు, గ్రైండరు శుభ్రంగా కడగాలి. మంచినీళ్లే వాడాలి. పిండికి బూజు పట్టినా, కుళ్లు వాసన వచ్చినా పారేయాలి. పైన బూజు తీసేసి కింది పిండి వాడకూడదు. ఇడ్లీలు అమ్ముకునేవాళ్లకు ఒక గిన్నె పిండి పోతే నష్టమే. కానీ తిన్న పిల్లలు జబ్బుపడితే ఆ నష్టం ఇంకా పెద్దది.

ఆలోచించండి: మీ ఇంట్లో ఇంకా వేటిని పులియబెడతారు? వాటికి తోడు వేస్తారా, వాటంతట అవే పులుస్తాయా?