నీళ్లు బాగా తాగితే డైవింగ్‌లో ఏం కాదా? మా తమ్ముడి అండమాన్ ప్లాన్ ఎందుకు మార్పించా

కొడవలూరు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. ఈ రోజు టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో పంపిన టూర్ ప్లాన్ చూసి, అనుకున్న టాపిక్ పక్కన పెట్టేశా.

వాడికి మొన్ననే పెళ్లయింది. హనీమూన్‌కి అండమాన్ పోతా ఉండారు. ఆఖరి రోజు పొద్దున పోర్ట్ బ్లెయిర్ పక్కన నార్త్ బేలో స్కూబా డైవింగ్, మధ్యాహ్నం చెన్నై ఫ్లైట్. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు లెండి. "ఒరే, డైవ్ చేసిన రోజే ఫ్లైట్ ఎక్కకూడదురా" అన్నా. "అన్నా, నీళ్లు బాగా తాగితే ఏం కాదంట కదా?" అన్నాడు.

ఈ మాట సగం నిజం. సగం నిజమే ఎక్కువ ప్రమాదం. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు అసలు సమస్య ఏందో చూద్దాం. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. ఒడ్డున ఉన్నప్పుడు అది మనల్ని ఏమీ చెయ్యదు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఇంకో వాతావరణం అంత ఒత్తిడి పెరుగుద్ది. 10 మీటర్ల దగ్గర రెండింతలు, 20 దగ్గర మూడింతలు. ఇంటర్‌లో హెన్రీ సూత్రం చదివారుగా? ఒత్తిడి పెరిగితే ద్రవంలో గ్యాస్ ఎక్కువ కరుగుద్ది. అట్టానే మన రక్తంలో, కండరాల్లో, కొవ్వులో నైట్రోజన్ కరిగిపోద్ది. ఎంత లోతు, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ.

కిందికి పోయేటప్పుడు కాదు ఇబ్బంది, పైకి వచ్చేటప్పుడు. గోలీసోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ ఠప్పున నొక్కితే బుస్సుమని పొంగుద్ది. అదే మూత తిప్పే కూల్‌డ్రింక్ సీసాని కొంచెం కొంచెంగా తెరిస్తే గ్యాస్ మెల్లగా పోద్ది, చుక్క కూడా ఒలకదు. మనిషి కూడా అంతే. మెల్లగా పైకొస్తే నైట్రోజన్ ఊపిరితిత్తుల గుండా బయటికి పోద్ది. గబగబా వస్తే ఒంట్లోనే బుడగలు కట్టుద్ది. ఆ బుడగల వల్ల వచ్చేదే డికంప్రెషన్ సిక్‌నెస్. డైవర్లు బెండ్స్ అంటారు.

తమాషా ఏందంటే, ఈ జబ్బు లోకానికి బాగా తెలిసింది వంతెనల దగ్గర. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు, నది అడుగున గాలి ఒత్తిడి నింపిన పెట్టెల్లో కూర్చుని పునాదులు తవ్వారు. బయటికొచ్చిన కూలీలు కీళ్ల నొప్పులతో వంగిపోయేవాళ్లు. చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీనివల్లే మంచాన పడ్డాడు. తర్వాత హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద పరీక్షలు చేసి, ఆగి ఆగి పైకి రావాలని 1908లో లెక్కలు అచ్చేశాడు. ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్లు చెప్పే నియమం దాని వారసత్వమే: నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

మరి నీళ్ల సంగతి? నైట్రోజన్‌ని కండరాల నుంచి ఊపిరితిత్తులకు మోసుకెళ్లేది రక్తం. ఒంట్లో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుద్ది, ప్రవాహం మందగిస్తుంది, గ్యాస్ బయటికి పోవడం లేటవుద్ది. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒంట్లో నీరు తగ్గించిన పందుల్లో ఈ జబ్బు ఎక్కువగా, తీవ్రంగా వచ్చింది. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు గానీ, డైవింగ్ డాక్టర్లు నీళ్లు తాగమనే చెప్తారు.

"నీళ్లలోనే ఉంటే దాహం ఎట్టా అన్నా?" అని మా వాడు నవ్వాడు. చెప్తా వినండి. నీళ్లలో దిగగానే కాళ్లలో రక్తం కొంత ఛాతీ వైపు చేరుద్ది. గుండె "ఒంట్లో నీరు ఎక్కువైంది" అనుకుని కిడ్నీలకి కబురు పంపుద్ది. అందుకే డైవ్‌లో అందరికీ ఒంటేలు వస్తది. పైగా సిలిండర్ గాలిలో తేమ ఉండదు, నింపేటప్పుడే తీసేస్తారు. ప్రతి ఊపిరికీ మన ఒంట్లో తేమ పోతానే ఉంటది. దానికి తోడు ఎండ, పడవలో వాంతులు, ముందు రోజు రాత్రి బీరు.

ఈ తప్పులన్నీ చేసినోడినే నేను. రెండేళ్ల కింద ఉద్యోగంలో ఉన్నప్పుడు స్వరాజ్ ద్వీప్ పోయా. అదే పాత హావ్‌లాక్. ముందు రోజు రాత్రి బీర్లు. పొద్దున పడవలో బాత్రూమ్ లేదని చుక్క నీళ్లు తాగలా. రెండు డైవ్‌లు చేశా. రెండోది అయ్యాక కుడి భుజం లాగతా ఉంది. సిలిండర్ మోసినందుకులే అనుకుని ఎవరికీ చెప్పలా. చెప్తే ట్రిప్ చెడిపోద్దని భయం, ఇంకా సిగ్గు. పడవలో ఒక పెద్దాయన, వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడంట, నన్ను చూసి "బాబూ, నొప్పి దాచకు. అది కండరమో కాదో నువ్వు తేల్చేది కాదు" అన్నాడు. వెంటనే ఆక్సిజన్ పెట్టారు, డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. నా అదృష్టం, కండరం పట్టేసిందని తేలింది. టికెట్ డబ్బులు పోయాయి. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. డైవ్ తర్వాత కీళ్లలో నొప్పి, చర్మం మీద మచ్చలు, దురద, తిమ్మిర్లు, తల తిరగడం, కాళ్లలో బలం లేకపోవడం, ఒంటేలు రాకపోవడం, విపరీతమైన నీరసం, ఇందులో ఏది కనిపించినా వెంటనే చెప్పాలి. ఎక్కువ మందికి కొన్ని గంటల్లోనే బయటపడుద్ది. పడుకోబెట్టి 100 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి, అంబులెన్స్ పిలవాలి. మళ్లీ నీళ్లలో దించి సరిచేద్దాం అనుకోకూడదు. అసలు చికిత్స హైపర్‌బేరిక్ చాంబర్‌లో, అంటే ఒత్తిడి పెట్టిన గదిలో ఆక్సిజన్ ఇస్తారు. గంటలు పడుద్ది.

ఇప్పుడు ఫ్లైట్ సంగతి. విమానం లోపల గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత తక్కువకి పడిపోవచ్చు. ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కి అది గోలీ నొక్కినట్టే. అందుకే మామూలు డైవ్ ఒకటి చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువైతే కనీసం 18 గంటలు ఆగాలి. 24 ఆగితే ఇంకా నిశ్చింత. మొదటిసారి చేసే తక్కువ లోతు డైవ్‌లో ప్రమాదం తక్కువే. అయినా గడియారాన్ని మోసం చెయ్యొద్దు.

"నేను ఫ్లైట్ ఎక్కను, వైజాగ్ రైల్లో పోతా" అంటారా? పొద్దున రుషికొండలో డైవ్ చేసి, మధ్యాహ్నం కారులో అరకు ఘాట్ ఎక్కే ప్లాన్లు నేను చూశా. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, దారి ఇంకా పైకి పోద్ది. అదీ ఎత్తే. ముందు అరకు, తర్వాత రుషికొండ పెట్టుకోండి. ఖర్చు ఏమీ పెరగదు.

నీళ్లు ఎట్టా తాగాలి? ముందు రోజు నుంచే కొంచెం కొంచెంగా. డైవ్‌ల మధ్య ఒక గ్లాసు. ఎండలో చెమట పోతే ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్లు, లేదా ఓఆర్‌ఎస్. ఒంటేలు లేత పసుపుగా ఉంటే సరిపోయినట్టే. ఒకేసారి లీటర్లు పట్టించొద్దు, దానివల్ల వేరే ఇబ్బందులు వస్తాయి. మందు ముందు రోజు రాత్రి వద్దు, డైవ్ అయిన వెంటనే కూడా వద్దు.

నేను ఐదేళ్లు కోడ్ రాసినోడిని కాబట్టి నా భాషలో చెప్తా: నీళ్లు తాగకపోవడం ఉన్న బగ్‌ని పెంచుద్ది, తాగడం దాన్ని తగ్గించుద్ది. కానీ లోతు, సమయం, పైకొచ్చే వేగం, ఫ్లైట్ గ్యాప్, వీటిని ఏ బాటిలూ మార్చలేదు.

మా వాడు ప్లాన్ మార్చాడు. స్కూబా రెండో రోజుకి జరిపాడు, ఆఖరి రోజు సెల్యులార్ జైలు చూస్తారంట. "అన్నా, వదిన అయితే నేను నీకు చెప్పకముందే అడిగింది, మనమే వినలా" అన్నాడు. ఒరే, అది నీ పెళ్లాం, నాకు మరదలు, ముందు వరసలు నేర్చుకోరా అన్నా.

డైవింగ్ ప్లాన్ ఉన్న ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపించండి. వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త, ఉంటా మరి.