రంగు చీటీ, చిల్లు కార్డు

భోపాల్‌పట్నంలో పదకొండో తరగతి పిల్లలకు మెషీన్ లెర్నింగ్ చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది: "సార్, తెలుగుకి 1, గోండీకి 2, హల్బీకి 3, హిందీకి 4 అని వేసేస్తే సరిపోదా? కంప్యూటర్‌కి అంకెలే కదా కావాలి?" మేం తయారుచేస్తున్న పట్టిక చిన్నదే. హిందీ మీడియం బడిలో కొత్తగా చేరే బిడ్డకు చదవడంలో అదనపు సాయం కావాలా, అక్కర్లేదా అన్నది మోడల్ ముందే చెప్పాలి. వయసు, బడికి దూరం అంకెల్లోనే ఉన్నాయి. ఇంటి భాష ఒక్కటే మాటల్లో ఉంది.

సరిపోదు. మోడల్‌కి ఆ 1, 2, 3, 4 పేర్లు కావు, కొలతలు. హిందీ తెలుగుకు నాలుగింతలంటుంది. తెలుగు, హల్బీల సగటు గోండీ అంటుంది. లాజిస్టిక్ రిగ్రెషన్ ఒక్కో నిలువు వరుసకు ఒక్కటే గుణకం పెట్టుకుంటుంది కాబట్టి, తెలుగు నుంచి గోండీకి జరిగితే ఎంత తేడా వస్తుందో గోండీ నుంచి హల్బీకి జరిగినా అంతే రావాలని పట్టుబడుతుంది. డెసిషన్ ట్రీలు కొంత నయం. ఒకటి రెండు చోట్ల కోత పెట్టి కావలసిన భాషను విడదీసుకోగలవు.

విరుగుడు వన్-హాట్ ఎన్‌కోడింగ్. భాషకు ఒక గడికి బదులు నాలుగు గడులు. బిడ్డ భాష ఏదో ఆ గడిలో 1, మిగతా మూడింట్లో 0. అప్పుడు ఏ రెండు భాషల మధ్య చూసినా దూరం ఒక్కటే, 2 వర్గమూలం. ఈ ఎత్తుగడ కంప్యూటర్ కంటే పాతది. ఇనుము, పాదరసం, అట్టముక్కలతో అది పనిచేసిన తీరు నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

1890 జనగణనకు ముందు అమెరికా సెన్సస్ ఆఫీసు ఒక పోటీ పెట్టింది. సెయింట్ లూయిస్‌లో 10,491 మంది వివరాలు పోటీదారులు ముగ్గురికీ ఇచ్చింది. విలియం హంట్, చార్లెస్ పిజిన్ ఇద్దరూ రంగులను నమ్ముకున్నారు: మనిషికో చీటీ, రంగును బట్టి వర్గం. హెర్మన్ హోలరిత్ చిల్లులను నమ్ముకున్నాడు. రైల్లో కండక్టరు టికెట్టు అంచున చిల్లులు కొట్టి ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్లు, ముక్కు తీరు గుర్తుపెట్టడం అతను చూశాడు. ఒకరి టికెట్టు మీద మరొకరు వెళ్లకుండా అదొక కట్టడి. పోటీలో వివరాలను ఎక్కించడానికి హంట్‌కు దాదాపు 144 గంటలు, పిజిన్‌కు 111, హోలరిత్‌కు 72 పట్టాయి. లెక్క తేల్చడానికి హంట్‌కు 55 గంటలు, పిజిన్‌కు సుమారు 45. హోలరిత్ యంత్రానికి ఐదున్నర.

ఆ యంత్రంలో గుమస్తా కార్డును గట్టి రబ్బరు పలక మీద పెట్టి పిడి లాగుతాడు. పైనుంచి స్ప్రింగుల మీద నిలిచిన సూదుల బారు దిగుతుంది. అట్ట తగిలిన సూది వెనక్కి నొక్కుకుపోతుంది. చిల్లు దొరికిన సూది మాత్రం కింద ఉన్న చిన్న గిన్నెలోని పాదరసంలో మునుగుతుంది. కరెంటు పారుతుంది, విద్యుదయస్కాంతం లాగుతుంది, డయల్ మీద ముల్లు ఒక్క అంకె ముందుకు జరుగుతుంది. అలాంటి డయళ్లు 40. పక్కనున్న పెట్టెలో ఆ కార్డు చేరాల్సిన అర మూత దానంతటదే తెరుచుకుంటుంది. గంట మోగితే కార్డు సరిగా నమోదైనట్టు. మోగకపోతే ఎక్కడో చిల్లు కొట్టడం మరిచారన్నమాట.

ప్రతి జవాబుకూ కార్డు మీద సొంత చోటు ఉంది, ఆ చోట చిల్లు ఉంటే 1, లేకపోతే 0. మగకు ఒక చోటు, ఆడకు ఒక చోటు. ఏదీ ఇంకోదాని కంటే పెద్దది కాదు. దీని మీద రిలేలు కలిపితే లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఒక చిల్లు గుండా పారిన కరెంటు రెండోదాని రిలే దాటితేనే డయల్ కదులుతుంది. ఆడ, వితంతువు రెండూ అయినవాళ్లే లెక్కలోకి వస్తారు. రెండు గడుల గుణకారాన్ని మరో గడిగా చేర్చడం అని మేం ఇప్పుడు క్లాసులో చెప్పేది ఇదే.

అక్కడ ఓడిన రంగు మన దేశంలో గెలిచింది. 1901 జనగణనలో చీటీల పద్ధతి ఇక్కడికి వచ్చింది: చీటీ రంగు మతాన్ని, దాని మీద అచ్చయిన గుర్తు ఆడామగా తేడానూ పెళ్లి వివరాన్నీ చెప్పేవి. మనుషులు వాటిని చేత్తో అరల్లోకి వేరుచేసేవారు. చవకగా చెయ్యి దొరికే చోట ఆ పద్ధతి తెలివైనదే, దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఒక చీటీకి ఒకే రంగు ఉంటుంది.

ఇక్కడి మనిషికి ఒకే భాష ఉండదు. ఇంద్రావతి దాటితే మహారాష్ట్ర, గోదావరి దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, సంతలో గోండీ, బడిలో హిందీ మాట్లాడే పిల్లలు ఈ ప్రాంతంలో మామూలే. జనగణన ఫారంలో కూడా మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలకు చోటుంది. చిల్లు కార్డుకు అది కష్టమే కాదు, మూడు చోట్ల మూడు చిల్లులు కొడితే సరి. పట్టికలోనూ ఒకటికి బదులు మూడు గడుల్లో 1 వేస్తాం. ఇలా చేస్తే ఏ రెండు వరుసల మధ్య దూరమైనా సమానం అన్న మాట చెల్లదు. చెల్లకూడదు కూడా. రెండు భాషలు కలిసిన ఇద్దరు పిల్లలు, ఒక్క భాషా కలవని ఇద్దరికన్నా దగ్గరివాళ్లు కదా.

తర్వాతి కథ త్వరగానే నడిచింది. హోలరిత్ కంపెనీ 1911లో మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం పేరు పెట్టుకుంది. 1957లో డేనియల్ సూట్స్ ఈ 0, 1 గడులను రిగ్రెషన్‌లో ఎలా వాడాలో వివరంగా రాశాడు. స్థిరపదం ఉంటే నాలుగు భాషలకు మూడు గడులే పెట్టాలి, నాలుగోది పెడితే గుణకాలకు ఏకైక సమాధానం దొరకదు. విశేషమేమంటే, రిగ్రెషన్ వద్దనే ఆ అదనపు చిల్లే హోలరిత్ గంటకు ఆధారం. మగ, ఆడ రెండు చోట్లా ఖాళీ ఉంటేనే కదా తప్పు పట్టుబడేది. పిన్‌కోడు లాంటి వాటికి వేల గడులు కావాలి గనక, ఆ వర్గంలో ఫలితాల సగటునే అంకెగా పెట్టే టార్గెట్ ఎన్‌కోడింగ్ వచ్చింది; బిడ్డ తన జవాబును తానే చూసుకోకుండా కాపలా కాయకపోతే అది మోసం చేస్తుంది.

2016లో గువో, బెర్క్‌హాన్ అనే ఇద్దరు ఒక్కో వర్గానికి కొన్ని అంకెల గుంపును న్యూరల్ నెట్‌వర్క్‌ చేతే నేర్పించారు. జర్మనీ దుకాణాల అమ్మకాలతో శిక్షణ ఇస్తే, రాష్ట్రాలకు వచ్చిన అంకెలు దేశపటాన్ని పోలి అమరాయి. భాషలకూ ఇలాంటి అమరిక ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును గోండీ, కువి, కొండ భాషలున్న దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో నిలబెట్టారు. హల్బీ ఇండో ఆర్యన్. వన్-హాట్‌కు ఈ చుట్టరికం తెలియదు, నెట్‌వర్క్ నేర్చుకోవచ్చు. అయితే దానికి ప్రతి భాషలోనూ తగినన్ని వరుసలు కావాలి. ఈ నాలుగూ కాక దోర్లీ అనే మాట మాట్లాడే పిల్లలు పట్టికలో కొద్దిమందే ఉంటారు. వాళ్లను "ఇతరులు" గడిలోకి నెట్టడం సులువు, చాలామంది అదే చేస్తారు. నేను మాత్రం దోర్లీకి సొంత గడి పెడతాను. దాని గుణకం సున్నా వైపు లాగి ఉంచే రెగ్యులరైజేషన్ వాడతాను. వచ్చే ఏడు మరో నలుగురు చేరినప్పుడు ఆ గుణకం కదులుతుంది. గడే లేకపోతే కదలడానికి ఏమీ ఉండదు.