మొదటిది మేలా, రెండవది మేలా?

మొన్న హిందూపురములో మా మనుమలిద్దరు తగవులాడుకొనుచు తీర్పునకై నా యొద్దకు వచ్చిరి. తగవు తెరమీద బొమ్మలతో నాడు వీడియో ఆటలను గూర్చినది. జపానుదేశపు నింటెండో వారు 2017లో 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' అను ఆటను వెలువరించిరి. అందు ఆటగాడు గీచిన బాటనే పోనక్కరలేదు. ఇచ్చవచ్చిన దిక్కునకు పోవచ్చును, కనబడిన కొండ నెక్కవచ్చును. 2023లో దానికి ఉత్తరభాగముగా 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' వచ్చినది. దేశ మదియే, పైన ఆకాశద్వీపములు, క్రింద పాతాళము చేరినవి. దొరికిన వస్తువుల నతికించి బండ్లు, పడవలు చేసికొనవచ్చును. రెండవదియే మిన్న యని చిన్నవాడు. ఆ దేశమును తొలిసారి చూచిన వింత మరల రాదని పెద్దవాడు.

ఇట్టి తగవు మన సీమకు పాతదే. అల్లసాని పెద్దన మనుచరిత్రమును కృష్ణదేవరాయల కంకిత మిచ్చెను. 1565లో రక్కసితంగడి యుద్ధమున విజయనగరము కూలగా, తిరుమలరాయలు పెనుగొండను రాజధానిగా చేసికొనెను. రామరాజభూషణుడు వసుచరిత్రము నంకిత మిచ్చినది ఈ తిరుమలరాయలకే. కథ వేరు; నడచిన మార్గము మాత్రము పెద్దన వేసినదే. అదియు ఆరాశ్వాసములు, ఇదియు ఆరాశ్వాసములు. శుక్తిమతీనది కడ్డుపడిన కోలాహలపర్వతమును వసురాజు కాలితో చిమ్ముట, ఆ నదీపర్వతముల కూతురగు గిరికను పెండ్లాడుట, భారతమున నున్న కథ యింతే. దానిపై భూషణుడు శ్లేషలతో, సంగీతపు నడకతో మేడమీద మేడ కట్టెను. తరువాతి కవు లనేకులు దాని ననుకరింపగా, ఆ కావ్యములకు 'పిల్ల వసుచరిత్రలు' అను పేరు వచ్చినది.

అయినను, పాదలేపము మంచుకు కరగిపోగా ఇల్లు చేరు దారి తెలియక హిమాలయమున నిలిచిన ప్రవరుని వంటి మనుష్యుడు వసుచరిత్రమున నాకు కానరాడు. వరూధిని యెంత వేడినను వాని మనసు ఇంటి అగ్నిహోత్రముపైననే.

ఈ మాట నేను ముసలితనమున చెప్పుచున్నాను. మా గురువుగారు నాకు ముందుగా వసుచరిత్రమునే చెప్పిరి. ఆ మేడ చూచిన కన్నులకు పెద్దన యిల్లు బోసిగా తోచినది. ధర్మవరమున నేను ఉపాధ్యాయుడనై యున్నపుడు ఒక బాలుడు మనుచరిత్రమే మేలని వ్రాయగా సగము మార్కులు కోసితిని. వాడు చూపిన కారణము ప్రవరుడే.

కావున మనుమల నొక్కటే అడిగితిని: 'మీరు ఏది ముందాడితిరి?' చిన్నవాడు రెండవదానినే ముందాడెనట. మొదటిదానిని తుదముట్ట ఆడి రమ్మని వానిని పంపితిని. తీర్పు ఇంకను చెప్పలేదు.